స్ప్లాష్ ఫోటోలో అసలు స్పీడ్ ఎక్కడుంది?

ఇరానీ చాయ్ కప్పులో ఉస్మానియా బిస్కెట్ పడి చాయ్ పైకి ఎగిసిన ఫోటో ఏ కేఫ్ మెనూ మీదో ఇన్‌స్టాలోనో కనిపిస్తుంది కదా, అది చూడగానే కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే, "అన్నా, దీనికి షట్టర్ స్పీడ్ ఎంత పెట్టి ఉంటారు, 1/8000 సెకను షట్టర్ ఉన్న కెమెరా బాడీ కొనాలా?" అని. అలాంటి ఫోటోలు చాలావరకు 1/200 షట్టర్‌తోనే తీస్తారు. గదిలో లైట్లన్నీ ఆర్పేస్తే షట్టర్‌ని రెండు సెకన్లు తెరిచిపెట్టి కూడా తీయొచ్చు, ఫోటోలో ఒక్కో చుక్కా అంతే షార్ప్‌గా వస్తుంది. ఇది వినగానే చాలామంది నమ్మరు, కానీ ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతా సగం పని అయిపోయినట్టే, లక్షలు పోసి బాడీ కొనాల్సిన అవసరం కూడా తప్పుతుంది, అందుకే కొంచెం లెక్కలతో సహా చెప్తాను.

40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన చుక్క కింద నీళ్ళని తాకేసరికి సెకనుకి సుమారు 2.8 మీటర్ల వేగంలో ఉంటుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన రూట్ 2జీహెచ్ లెక్కే. ఇప్పుడు ఫ్రేమ్ వెడల్పు 12 సెంటీమీటర్లు, కెమెరా 24 మెగాపిక్సెల్ అనుకుందాం, అంటే అడ్డంగా 6000 పిక్సెల్స్, మిల్లీమీటర్‌కి 50 పిక్సెల్స్ వస్తాయి. 1/250 సెకనులో ఆ చుక్క 11 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, ఫోటోలో అది 560 పిక్సెల్స్ పొడవు చార. 1/8000లో అయితే 0.35 మిల్లీమీటర్, 17 పిక్సెల్స్ పైచిలుకు, ఫోన్‌లో చూస్తే బాగానే ఉంటుంది గానీ హోర్డింగ్ కోసం ప్రింట్ తీస్తే అంచులు పాకినట్టు తెలిసిపోతుంది. 1/20,000కి వెళ్తే 7 పిక్సెల్స్, 1/40,000కి వెళ్తే మూడున్నర. చుక్క నిజంగా ఆగినట్టు కనిపించాలంటే మనకి కావాల్సింది ఈ చివరి రెండు నంబర్లు, అవి మామూలు కెమెరా షట్టర్‌లో లేవు, కానీ పెళ్ళిళ్ళకి వాడే చిన్న ఫ్లాష్‌లో, అంటే స్పీడ్‌లైట్‌లో ఉన్నాయి.

ఎలాగంటే, సెన్సార్ మీద బొమ్మ పడాలంటే వెలుతురు ఉండాలి. గదంతా చీకటి, లెన్స్ రంధ్రం చిన్నగా ఎఫ్/11 లేదా ఎఫ్/16, సెన్సార్ సున్నితత్వం తక్కువగా ఐఎస్ఓ 100 లేదా 200, అప్పుడు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా సెన్సార్‌కి ఏమీ కనపడదు, ఫ్లాష్ వెలిగిన ఆ కాసేపే కనపడుతుంది. ఆ కాసేపు 1/20,000 సెకను అయితే ఎక్స్‌పోజర్ కూడా 1/20,000 సెకనే, షట్టర్ అంకె ఎంతైనా సరే. దీన్ని చెక్ చేసుకోవడం చాలా తేలిక, సెట్టింగ్స్ అన్నీ పెట్టుకుని ఫ్లాష్ ఆఫ్ చేసి ఒక ఫోటో తీయండి, ఫ్రేమ్ పూర్తి నల్లగా రావాలి, ఎక్కడైనా కొంచెం బొమ్మ కనిపిస్తే కర్టెన్ పక్కనుంచో ఏసీ డిస్‌ప్లే నుంచో వెలుతురు వస్తోందన్నమాట, ముందు దాన్ని మూసేయాలి.

ఇక్కడ ఒక తెలివైన ప్రశ్న వస్తుంది, హై స్పీడ్ సింక్ (షట్టర్ ఎంత వేగంగా ఉన్నా ఫ్లాష్ వాడనిచ్చే మోడ్) పెట్టుకుని 1/8000లో ఫ్లాష్ వాడొచ్చు కదా అని. వాడొద్దు. మన కెమెరాల్లో ఉండే షట్టర్ రెండు కర్టెన్లతో పనిచేస్తుంది, సింక్ స్పీడ్ అంటే సుమారు 1/200 లేదా 1/250, అది దాటాక సెన్సార్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, సన్నటి సందు ఒకటి సెన్సార్ మీదుగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరుగుతూ పోతుంది. ఆ జరగడానికి మళ్ళీ 4 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అంతసేపూ ఫ్లాష్ ఆరకుండా చిన్న చిన్న పల్స్‌లతో వెలుగుతూనే ఉంటుంది. అంటే ఫోటో పైభాగం ఒక టైమ్‌లో, కింది భాగం 4 మిల్లీసెకన్ల తేడాతో రికార్డ్ అవుతున్నాయి, ఆ తేడాలో మన చుక్క 11 మిల్లీమీటర్లు పడిపోయింది, కాబట్టి ఆకారమే సాగినట్టో నొక్కినట్టో తయారవుతుంది, పైగా ఫ్లాష్ పవర్‌లో చాలా భాగం వేస్ట్. 2023 నవంబర్‌లో సోనీ ప్రకటించిన ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టర్ కెమెరాకి ఈ గొడవ లేదు, సెన్సార్ మొత్తం ఒకేసారి చదువుతుంది, 1/80,000 వరకు పోతుంది, ఆ స్పీడ్‌లో కూడా ఫ్లాష్ సింక్ అవుతుంది. కానీ దాని రేటు చూస్తే మనలో చాలామందికి అది అవసరం లేని ఖర్చు, నాలుగు సెకండ్ హ్యాండ్ స్పీడ్‌లైట్లు దాని ధరలో చిన్న ముక్కకే వస్తాయి.

సరే, ఫ్లాష్ దగ్గరికొద్దాం, అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. స్పీడ్‌లైట్‌లో పవర్ తగ్గించడం అంటే వెలుతురు డల్ అవ్వడం కాదు, వెలిగే టైమ్ తగ్గడం. లోపల కెపాసిటర్‌లో కరెంటు ఎప్పుడూ ఫుల్‌గానే ఉంటుంది, ఐజీబీటీ అనే స్విచ్ మధ్యలోనే దాన్ని కట్ చేస్తుంది. ఫుల్ పవర్‌లో 1/1000 సెకను లేదా ఇంకొంచెం ఎక్కువసేపు వెలిగే ఫ్లాష్, 1/128 పవర్‌లో సుమారు 1/20,000 నుంచి 1/40,000 సెకనులో ఆరిపోతుంది, మోడల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి స్ప్లాష్‌కి ఫ్లాష్ పవర్ ఎంత తగ్గిస్తే అంత షార్ప్.

కానీ పాత తరహా స్టూడియో స్ట్రోబ్‌లు, అదే అద్దెకి ఎక్కువగా దొరికే పెద్ద మోనోలైట్లు, వాటిలో చాలావాటికి ఇది రివర్స్. అవి పవర్ తగ్గించడానికి కెపాసిటర్ వోల్టేజ్ తగ్గిస్తాయి, వోల్టేజ్ తగ్గితే ట్యూబ్‌లో మెరుపు నెమ్మదిగా చస్తుంది, అంటే పవర్ తగ్గించే కొద్దీ ఫ్లాష్ టైమ్ ఇంకా పెరుగుతుంది. స్పీడ్‌లైట్ అలవాటుతో ఆ పెద్ద లైట్‌ని మినిమమ్‌లో పెట్టి తీస్తే పాల చుక్కలన్నీ తోకలతో వస్తాయి, ఎందుకో అర్థం కాక తీసినవాళ్ళు లెన్స్‌ని, ఫోకస్‌ని, ట్రైపాడ్‌ని తిడతారు. ఐజీబీటీ ఉన్న కొత్త స్టూడియో లైట్లకి ఈ సమస్య లేదు, అందుకే అద్దెకి తీసుకునేముందు అడగాల్సిన మొదటి మాట "ఇది ఐజీబీటీయా, ఫ్లాష్ డ్యూరేషన్ ఎంత?" అని, వాట్స్ ఎన్ని అనేది తర్వాత.

డ్యూరేషన్ చెప్పినా దాంట్లో ఇంకో మెలిక ఉంది. బాక్స్ మీద రెండు రకాల అంకెలు వేస్తారు, టీ 0.5, టీ 0.1 అని. మొదటిది వెలుతురు పీక్‌లో సగం కన్నా ఎక్కువ ఉన్న టైమ్, రెండోది పదో వంతు కన్నా ఎక్కువ ఉన్న టైమ్. సగం కన్నా తగ్గిన వెలుతురు కూడా సెన్సార్ మీద పడుతుంది కాబట్టి చుక్క ఆగుతుందా లేదా చెప్పేది టీ 0.1. మామూలు స్ట్రోబ్‌లో ఇది టీ 0.5కి సుమారు మూడు రెట్లు ఉంటుంది, అంటే బాక్స్ మీద టీ 0.5 లెక్కలో 1/2400 అని ఉంటే ఆ లైట్ నిజంగా చుక్కని ఆపేది 1/800 లాగే. అమ్మేవాళ్ళు పెద్దగా వేసే అంకె ఎక్కువగా టీ 0.5దే, అది నాకు నచ్చని విషయం.

బాక్స్‌ని నమ్మకుండా ఇంట్లోనే కొలుచుకునే దారి ఉంది, అది నాకు చాలా ఇష్టం. మన ఇళ్ళల్లో ఉండే మామూలు 1200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతుంది, రెక్క చివర మధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, లెక్క కడితే ఆ చివరి వేగం సెకనుకి 22 మీటర్లు, మన చుక్క కన్నా దాదాపు ఎనిమిది రెట్లు. రెక్క చివర సన్నగా కత్తిరించిన తెల్ల కాగితం ముక్క టేప్‌తో గట్టిగా అతికించి, గది చీకటి చేసి, కింద నుంచి ఫ్లాష్‌తో ఫోటో తీయండి. ఫ్యాన్ ఆపి అదే చోటు నుంచి ఇంకో ఫోటో తీసి రెండింటినీ పోల్చండి. తిరుగుతున్నప్పుడు కాగితం అంచు 22 మిల్లీమీటర్లు సాగితే మీ ఫ్లాష్ 1/1000, ఐదున్నర మిల్లీమీటర్లు సాగితే 1/4000, ఒక మిల్లీమీటర్ దగ్గర ఉంటే 1/20,000. ఫుల్ పవర్ నుంచి 1/128 దాకా ఒక్కో స్టెప్‌లో తీస్తూ పోతే మీ దగ్గరున్న లైట్ సంగతి మొత్తం ఒక సాయంత్రంలో తెలిసిపోతుంది, ఏ రివ్యూ చదవక్కర్లేదు.

పవర్ తగ్గిస్తే వచ్చే నష్టం కూడా చెప్పాలి. 1/128 అంటే ఫుల్ పవర్ కన్నా ఏడు స్టాప్‌లు తక్కువ వెలుతురు, ఒక స్టాప్ అంటే వెలుతురు సగమో రెట్టింపో అవ్వడం. రెండు ఫ్లాష్‌లు కలిపితే ఒక స్టాప్ తిరిగొస్తుంది, నాలుగు కలిపితే రెండు, అంతే. దూరం సగానికి తగ్గిస్తే ఇంకో రెండు. అందుకే స్ప్లాష్ సెటప్‌లో లైట్లు సబ్జెక్ట్‌కి జానెడు, మూరెడు దూరంలో ఉంటాయి, పెద్ద సాఫ్ట్‌బాక్స్ బదులు చిన్న డిఫ్యూజర్ షీట్‌తో సరిపెట్టుకుంటారు. ఇలా కట్ చేసిన ఫ్లాష్ వెలుతురు కొంచెం నీలం వైపు కూడా మళ్ళుతుంది, గ్రే కార్డ్ పెట్టి వైట్ బ్యాలెన్స్ కస్టమ్ చేసుకుంటే సరిపోతుంది, పెద్ద విషయం కాదు.

ఇంతవరకు చుక్కని ఆపడం గురించి. ఇక రెండో సగం, ఎప్పుడు ఆపాలి అనేది. చుక్క నీళ్ళలో పడ్డాక జరిగేది చాలా అందమైన వరస, ముందు గుంట పడి చుట్టూ కిరీటంలా అంచు లేస్తుంది, తర్వాత ఆ గుంట మూసుకుంటూ మధ్యలోంచి ఒక స్తంభం పైకి తన్నుకొస్తుంది. పలచటి పొర మీద చుక్క పడితే కిరీటం బాగా వస్తుంది, లోతు నీళ్ళలో పడితే స్తంభం బాగా వస్తుంది, కాబట్టి ఏది కావాలో ముందే అనుకుని ట్రేలో నీళ్ళు పోసుకోవాలి. ఆ స్తంభాన్ని వర్తింగ్టన్ జెట్ అంటారు, ఆర్థర్ వర్తింగ్టన్ అనే ఇంగ్లిష్ ఫిజిక్స్ ప్రొఫెసర్ పేరు మీద. ఆయన 1870లలో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చీకటి గదిలో స్పార్క్ వెలుగులో స్ప్లాష్‌లని కంటితో చూసి బొమ్మలు గీసేవారు, బొమ్మల్లో ప్రతి కిరీటమూ చక్కగా సమానంగా ఉండేది. 1890లలో అదే పనిని ఫోటోగ్రఫీతో చేశాక చూస్తే నిజమైన స్ప్లాష్‌లు ఎగుడుదిగుడుగా, వంకరగా ఉన్నాయి, ఇన్నాళ్ళూ కన్ను తనకి కావాల్సిన సమానత్వాన్ని చూసుకుందని ఆయనే ఒప్పుకున్నారు. స్ప్లాష్ ఫోటోలో ఒక పక్క చుక్క విరిగితే డిలీట్ చేసేవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ సంగతే చెప్తాను, ఆ వంకరే నిజం, దాన్ని ఉంచండి. తర్వాత అమెరికాలో ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్గర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో ఈ పనిని ఎక్కడికో తీసుకెళ్ళారు, ఎర్రటి అడుగు మీద పలచటి పాల పొర, దాని మీద పాల కిరీటం ఉన్న ఆయన 1957 కలర్ ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

గొడుగులాంటి ఆకారాలు చూస్తుంటారు కదా, అవి రెండు చుక్కల పని. మొదటి చుక్క లేపిన స్తంభం పైకి వచ్చిన టైమ్‌కి రెండో చుక్క సరిగ్గా దాని తల మీద పడాలి, అప్పుడు నీళ్ళు చుట్టూ గొడుగులా విచ్చుకుంటాయి. రెండు చుక్కల మధ్య గ్యాప్ 100 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుంది, ఎత్తుని బట్టి, చుక్క సైజుని బట్టి మారుతుంది. చేత్తో ఇది అయ్యే పని కాదు. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్‌తో ఒంటి చుక్కలు హాయిగా తీసుకోవచ్చు, నేర్చుకోవడానికి అదే బెస్ట్, కానీ గొడుగు కావాలంటే సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే కుళాయి), దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డ్ కావాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ వైపు ఒక రౌండ్ వేస్తే బోర్డు, పైపులు, క్లాంపులు, అడాప్టర్ అన్నీ సమకూర్చుకోవచ్చు, వాల్వ్ దగ్గర మాత్రం జాగ్రత్త. వాషింగ్ మెషిన్ వాల్వ్ చవగ్గా వస్తుంది కదా అని తీసుకుంటే అది ట్యాప్ ప్రెజర్ ఉంటేనే తెరుచుకునే రకం, పైన బాటిల్ పెట్టి ఊరికే వదిలితే పని చేయదు. డైరెక్ట్ యాక్టింగ్, జీరో ప్రెజర్‌లో తెరుచుకునేది అని గట్టిగా అడిగి తీసుకోండి. వాల్వ్ కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్, ఫ్లాష్ వైపు ఆప్టోకప్లర్ (రెండు సర్క్యూట్ల కరెంటు కలవకుండా విడదీసే చిన్న చిప్) తప్పకుండా పెట్టాలి, పాత ఫ్లాష్‌ల ట్రిగ్గర్ వోల్టేజ్ బోర్డుని కాల్చేస్తుంది.

టైమింగ్ ఎంత సున్నితమో ఒక్క లెక్క చాలు. 40 సెంటీమీటర్ల నుంచి పడటానికి చుక్కకి 286 మిల్లీసెకన్లు పడుతుంది, వాల్వ్‌ని ఒక్క సెంటీమీటర్ పైకి జరిపితే మూడున్నర మిల్లీసెకన్లు పెరుగుతుంది, గొడుగు తప్పిపోవడానికి అది చాలు. ఇంకో దొంగ దెబ్బ బాటిల్‌లో నీళ్ళ మట్టం, నీళ్ళు తగ్గేకొద్దీ వాల్వ్ మీద ప్రెజర్ తగ్గుతుంది, వాల్వ్ అంతే సేపు తెరిచినా చుక్క చిన్నదవుతుంది, సాయంత్రం మొదట్లో బ్రహ్మాండంగా వచ్చిన గొడుగు గంట తర్వాత ఎంత తన్నుకున్నా రాదు. దీనికి మందు మారియట్ బాటిల్, పదిహేడో శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరుతో ఉన్న పాత ఉపాయం. మూత గాలి చొరబడకుండా బిగించిన బాటిల్‌లోకి మూత గుండా ఒక సన్నటి గొట్టం దించాలి, దాని కింది చివర బాటిల్ అడుగుకి రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. గాలి ఆ గొట్టం గుండానే లోపలికి రాగలదు కాబట్టి గొట్టం చివర దగ్గర ప్రెజర్ ఎప్పుడూ బయటి గాలి ప్రెజర్‌తో సమానంగా ఉంటుంది, పైన నీళ్ళు ఎంత ఉన్నా వాల్వ్‌కి తెలిసేది ఆ గొట్టం చివర నుంచి కిందికి ఉన్న ఎత్తే. మట్టం గొట్టం చివరి దాకా దిగేవరకు ప్రతి చుక్కా ఒకే సైజు. ఐదు రూపాయల స్ట్రా, కొంచెం ఎంసీల్‌తో అయ్యే పని ఇది, దీనికి మించిన అప్‌గ్రేడ్ నాకు కనపడలేదు.

కెమెరాకి కూడా ఒక లోపం ఉంది, బటన్‌కి సిగ్నల్ అందాక చాలా డీఎస్ఎల్ఆర్‌లలో షట్టర్ తెరుచుకోవడానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు పడుతుంది, ప్రతిసారీ ఒకేలా కూడా ఉండదు. అందుకే చీకట్లో బల్బ్ మోడ్‌లో, అంటే మనం మూసేదాకా షట్టర్ తెరిచే ఉండే మోడ్‌లో, షట్టర్ ముందే తెరిచి, చుక్క వదిలి, సరైన క్షణంలో ఫ్లాష్‌కి మాత్రం సిగ్నల్ పంపి, తర్వాత షట్టర్ మూసేస్తారు, ఫ్లాష్ దాదాపు వెంటనే స్పందిస్తుంది. ఫోకస్ మాన్యువల్, చుక్క పడే చోట ఒక స్క్రూ నిలబెట్టి దాని గాట్ల మీద ఫోకస్ చేసి స్క్రూ తీసేయాలి.

నీళ్ళు మరీ పలచగా ఉంటే గొడుగు అంచులు త్వరగా చిరిగిపోతాయి, అందుకని కొంచెం చిక్కబరుస్తారు. జాంతన్ గమ్ కానీ గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కానీ వాడతారు, గ్వార్ మన దేశంలోనే, ముఖ్యంగా రాజస్థాన్‌లో పండుతుంది కాబట్టి చవక. లీటరుకి గ్రాము, గ్రామున్నర చాలు, ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, మిక్సీ తిరుగుతుండగా చిటికెడు చిటికెడు చల్లాలి, రాత్రంతా ఉంచి పొద్దున పలచటి గుడ్డలో వడకట్టాలి, లేకపోతే వాల్వ్‌లో అడ్డం పడుతుంది. మన ఎండాకాలంలో బయట పెడితే ఒకట్రెండు రోజుల్లో పులిసి వాసనొస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి, వాడేముందు గది వేడికి రానివ్వండి. వేడితో చిక్కదనం మారుతుంది, మామూలు నీళ్ళే 20 డిగ్రీల కన్నా 35 డిగ్రీల దగ్గర సుమారు పాతిక శాతం పలచనవుతాయి, ఏసీ గదిలో కుదిరిన టైమింగ్ మే నెల మధ్యాహ్నం మేడ మీది గదిలో కుదరాలని లేదు.

లైటింగ్ విషయంలో ఒకే ఒక్క విభజన గుర్తుంటే చాలు, లిక్విడ్‌లోంచి అవతలికి కనిపిస్తుందా లేదా. నీళ్ళు, షర్బత్ లాంటివాటికి సొంత రూపం లేదు, వెనక ఏముంటే దాన్నే వంచి చూపిస్తాయి, వాటిని ముందు నుంచి ఎంత వెలిగించినా నల్ల మచ్చల్లా ఉంటాయి. వాటి వెనక ట్రేసింగ్ పేపరో తెల్ల యాక్రిలిక్ షీటో నిలబెట్టి దాని వెనక నుంచి ఫ్లాష్ కొట్టాలి, అప్పుడు ప్రతి చుక్క అంచూ గీత గీసినట్టు లేస్తుంది, ఆ షీట్‌కి రంగు కాగితం పెడితే రంగు కూడా చుక్కలోకి వస్తుంది. పాలు, మన చాయ్ వేరు, లోపలికి చూపు పోదు, ఉపరితలం మీద పడ్డ వెలుతురు, నీడే వాటి రూపం, కాబట్టి పక్క నుంచి లైట్ కావాలి, ఎదురుగా కొడితే చప్పగా సున్నం ముద్దలా ఉంటుంది.

చాయ్, బిస్కెట్ ఫోటో సంగతి కూడా చెప్పేస్తాను. చాయ్ చల్లగా ఉండాలి, వేడిది అయితే ఆవిరి లెన్స్‌కి పడుతుంది, కాసేపట్లో మీగడ కట్టి పైన తోలులా నిలుస్తుంది, స్ప్లాష్ ముక్కలై వస్తుంది. చల్ల చాయ్‌ని వడకట్టి, ఆ డికాక్షన్ రంగు ఫ్లాష్‌లో పాలిపోతుంది కాబట్టి కొంచెం ముదురుగా కలుపుకోవాలి. బిస్కెట్ 30 సెంటీమీటర్ల పై నుంచి వదిలితే సెకనుకి 2.4 మీటర్ల వేగంతో దిగుతుంది, దాని దారికి అడ్డంగా ఒక లేజర్ పాయింటర్, అవతల ఫోటో డయోడ్ (వెలుతురుని పసిగట్టే సెన్సార్) పెడితే బిస్కెట్ ఆ కిరణాన్ని కోసిన క్షణం నుంచి లెక్కపెట్టి ఫ్లాష్ వెలిగించొచ్చు. మైక్‌తో చప్పుడు ట్రిగ్గర్ పెట్టేవాళ్ళు ఉన్నారు, బెలూన్ పగిలే ఫోటోకి అది బాగుంటుంది, మీటర్ దూరానికి శబ్దం సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి మైక్‌ని ముందుకీ వెనక్కీ జరిపే టైమింగ్ సెట్ చేసుకోవచ్చు, కానీ బిస్కెట్ చాయ్‌లో పడ్డ చప్పుడు మెత్తన, దాన్ని నమ్ముకోలేం. ఉస్మానియా బిస్కెట్ తొందరగా మెత్తబడి విరుగుతుంది, ప్రతి షాట్‌కి కొత్తది, కప్పులో చాయ్ మళ్ళీ అంచుదాకా, బల్ల తుడవడం, మళ్ళీ మొదలు.

చాలా యాడ్‌లలో కనిపించే స్ప్లాష్ ఒక్క షాట్ కాదు, ఒక ఫోటోలోంచి కిరీటం, ఇంకోదాంట్లోంచి ఎగిరిన చుక్కలు తీసుకుని కలుపుతారు, ఐస్ ముక్కలు యాక్రిలిక్‌వి అయి ఉంటాయి. యాడ్‌లో దాన్ని నేను తప్పుపట్టను, అక్కడ అమ్మేది జ్యూస్. కానీ "సింగిల్ షాట్" అని రాసుకుని కలిపిన ఫోటో పెడితే మాత్రం చూసి నేర్చుకునేవాళ్ళకి అన్యాయం చేసినట్టే, వాళ్ళు అది ఎందుకు రావట్లేదా అని నెలలు పాడు చేసుకుంటారు.

సేఫ్టీ గురించి మాత్రం బతిమాలి చెప్తున్నాను. స్పీడ్‌లైట్ లోపల కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన ఉంటుంది, ఆఫ్ చేసినా కాసేపు అలాగే ఉంటుంది, తడిసిన ఫ్లాష్‌ని విప్పి ఆరబెట్టే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు. ఒక్కోదాన్నీ పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో కట్టండి, స్టూడియో లైట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద కాకుండా ఎత్తులో పెట్టండి, ఆ ప్లగ్ పాయింట్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉందో లేదో ముందే చూసుకోండి, చీకటి గదిలో తడి నేల మీద తిరుగుతుంటాం కదా.

ఇదే స్ప్లాష్ వీడియోలో కావాలంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి, అక్కడ ఫ్లాష్ లేదు. సెకనుకి 1000 ఫ్రేమ్‌లు తీసి 24లో ప్లే చేస్తే ఒక్క సెకను దాదాపు 42 సెకన్లవుతుంది, ఒక్కో ఫ్రేమ్‌కి 1/1000 సెకను కూడా దక్కదు కాబట్టి ఆగకుండా వెలిగే లైట్లు ఎక్కువ కావాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నేరుగా వెలిగే మామూలు లైట్ సెకనుకి 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంది, కంటికి తెలియదు కానీ 1000 ఫ్రేమ్‌ల వీడియోలో ప్రతి పది ఫ్రేమ్‌లకీ ఒకసారి బొమ్మ వెలిగి తగ్గుతుంది. కాబట్టి ఫ్లికర్ ఫ్రీ అని రాసున్న ఎల్ఈడీలు తెచ్చుకోవాలి, ఆ మాట నిజమో కాదో ఫోన్ స్లో మోషన్‌లో లైట్ వైపు ఒకసారి తీసి చూసుకుని అప్పుడే అద్దె డబ్బులు ఇవ్వండి.